హామ్లెట్ పాఠం మొదలుపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

డిగ్రీ రెండో ఏడాది పిల్లలకి షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ చెప్పాల్సి వచ్చిందని, ఎలిజబెతన్ థియేటర్ గురించి, అంటే మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లీషు నాటకరంగం గురించి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. అమ్మాయ్, ఒక మాట ముందే చెప్తాను. ట్రాజెడీ, అదే విషాద నాటకం, లక్షణాలు బోర్డు మీద రాసి మొదలుపెట్టకు. అవి పుట్టింది ఒక చోట, ఒక జనం మధ్య. పిల్లల్ని ముందు అక్కడ నిలబెట్టు. లక్షణాల గురించి తర్వాత వాళ్లే అడుగుతారు.

1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ నగరం పొలిమేర అవతల, షోర్‌డిచ్‌లో ‘ది థియేటర్’ కట్టించాడు. నగర పెద్దలకి నాటకాలంటే గిట్టేది కాదు. జనం గుమిగూడితే అల్లర్లవుతాయని, ప్లేగు అంటుకుంటుందని భయం. తర్వాత స్థలం లీజు దగ్గర తగాదా వచ్చింది. బర్బేజ్ కొడుకులు 1598 చివర్లో ఆ కట్టడాన్ని విప్పించి, ఆ కలపతోనే 1599లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున గ్లోబ్ అనే నాటకశాల లేపారు. అందులో షేక్‌స్పియర్‌కీ వాటా ఉంది. ఇది తప్పకుండా చెప్పు. టికెట్ డబ్బుల మీద బతికిన నాటక కంపెనీ మనిషి అతనని తెలిస్తే పిల్లలకి సగం బెరుకు పోతుంది.

ఇక క్లాసులో కూర్చోబెట్టకు. మధ్యాహ్నం రెండింటికి గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి, నేల మీద ముగ్గుపిండితో వేదిక గీయించి, మూడు వైపులా పిల్లల్ని నిలబెట్టు. గ్లోబ్‌లోనూ అంతే. పట్టపగలు, నడుమ పైకప్పు లేని ముంగిలి. ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు నిలబడి చూసేవాళ్లు, ఇంకో పెన్నీ ఇస్తే గ్యాలరీలోకి వెళ్లొచ్చు. వేదిక ముందు తెర లేదు, రంగులేసిన సీనరీ లేదు, లైట్లు లేవు.

అక్కడే హామ్లెట్ మొదటి ఇరవై పంక్తులు ఇద్దరితో చదివించు. ఎవరక్కడ అన్నది మొదటి మాట. ఆ మాట అడగాల్సింది కాపలాలో ఉన్నవాడు. కానీ అడిగేది డ్యూటీ మార్చుకోవడానికి వస్తున్నవాడు! వీళ్లు ఎందుకింత భయపడుతున్నారని పిల్లల్నే అడుగు. తర్వాత పన్నెండు కొట్టిందంటాడొకడు. చలి కొరికేస్తోంది, మనసేం బాగాలేదంటాడు ఇంకొకడు. నెత్తిన ఎండ మాడుతుంటే ఇది అర్ధరాత్రి అని మీకెలా తెలిసిందని అడుగు. ఆ నాటకాల్లో అంత వర్ణన ఎందుకుంటుందో నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

దయ్యం సంగతీ అలాంటిదే. వేదిక నేలలోనే కిందికి తెరుచుకునే ఒక తలుపు ఉండేది, కింద అంతా ఖాళీ. దాన్ని నరకం అనేవాళ్లు. హామ్లెట్ తండ్రి ప్రేతం కిందనుంచి ప్రమాణం చెయ్యమని అరిచేది అక్కణ్ణుంచే. పగ తీర్చమని ప్రేతం రావడం రోమన్ రచయిత సెనెకా నాటకాల నుంచి వచ్చిన ఆనవాయితీ. ఆయన పేరుమీదున్న పది ట్రాజెడీలు 1581లో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. ఆ వరసలోనే థామస్ కిడ్ ‘స్పానిష్ ట్రాజెడీ’ వచ్చింది. అందులో ప్రేతం, పగ, పిచ్చి, నాటకంలో నాటకం అన్నీ ఉన్నాయి. అంటే గ్లోబ్‌కి వచ్చినవాళ్లకి పగ కథ ఎలా నడుస్తుందో ముందే తెలుసు. ప్రేతం అడిగింది కదా, వీడింకా చంపడేం అని వాళ్లు అనుకుంటూ ఉంటారు. హామ్లెట్ జాప్యం అంత పెద్ద విషయం అయ్యింది అందుకే.

ఆడవేషాలు మగపిల్లలు వేసేవాళ్లంటే క్లాసులో నవ్వుతారు. మన రంగస్థలం మీద ఆడవేషాలకి పేరుపడ్డ స్థానం నరసింహారావుగారి సత్యభామ గురించి చెప్పు, నవ్వు ఆగుతుంది.

ఎక్కువ సమయం మాత్రం మూడో అంకంలో ప్రార్థన సీనుకి ఇవ్వు. నా లెక్కలో స్వగతం అంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపించే చోటు లేదు. హామ్లెట్ తండ్రిని చంపి రాజైన బాబాయి క్లాడియస్, అన్నను చంపానని తనలో తాను ఒప్పుకుంటాడు. కిరీటం, రాణి వదులుకోకుండా క్షమించమని ఎలా అడగను అని నలిగిపోయి మోకాళ్ల మీద వాలతాడు. వెనక నుంచి హామ్లెట్ కత్తి దూసి వస్తాడు. ప్రార్థనలో చంపితే స్వర్గానికి పోతాడని ఆగి, వెళ్లిపోతాడు. అప్పుడు లేచిన క్లాడియస్, మాటలు పైకి పోయాయి గానీ మనసు కిందే ఉండిపోయిందంటాడు. అంటే అది ప్రార్థనే కాదు. ఆ సంగతి హామ్లెట్‌కి తెలియదు, మూడు వైపులా నిలబడ్డ జనానికి తెలుసు. ఆ కత్తి ఆగినందుకు క్లాడియస్‌తో కలిపి ఎనిమిది ప్రాణాలు పోతాయి. ఇది చదివించాక ఒక్క నిమిషం ఏమీ మాట్లాడకు. నువ్వే చెప్పేస్తే వాళ్లు కనుక్కోబోయేదాన్ని లాగేసుకున్నట్టు అవుతుంది.

చివర్లో అందరూ చస్తారేంటి మేడమ్ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మన సంస్కృత నాటకాల్లో వేదిక మీద చావు చూపించకపోవడమే పద్ధతి. భాసుడి ‘ఊరుభంగం’లో దుర్యోధనుడు ప్రేక్షకుల ముందే ప్రాణం విడుస్తాడు, అది అరుదు. లండన్ జనానికి మాత్రం చావు కళ్లముందే జరగాలి. తెర లేదు కాబట్టి శవాలు వాటంతటవి మాయం కావు, ఎవరో మోసుకెళ్లాలి. నలుగురు కెప్టెన్లు హామ్లెట్‌ని మోయండని చివర్లో వచ్చే నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ ఆజ్ఞ ఇచ్చేది అందుకే. స్టేజీ అవసరమే వీరుడికి దక్కాల్సిన గౌరవమైంది చూడు.

అరిస్టాటిల్ చెప్పిన హమార్షియా (నాయకుణ్ణి పడగొట్టే లోపం), కెథార్సిస్ (జాలి, భయం కలిగి మనసు తేలికపడటం) చివరి వారంలో పెట్టుకో. ముందే చెప్తే పిల్లలు నాటకంలో హామ్లెట్‌ని వదిలేసి లోపం వెతుకుతారు. షేక్‌స్పియర్ ఆ కొలతలు పెట్టుకుని రాయలేదు. ట్రాజెడీ నడుమ శ్మశానంలో గోతులు తవ్వేవాళ్ల హాస్యమే చాలు అది తెలియడానికి. పరీక్షకి కావాలి కాబట్టి చెప్పక తప్పదు, చెప్పు.

ప్రార్థన సీనుకి క్లాడియస్‌గా ఎవర్ని పెడుతున్నావో నాకు రాయి. హామ్లెట్ వేషానికి అందరూ చేతులెత్తుతారు. క్లాడియస్‌కి మాత్రం మంచి గొంతున్న పిల్లవాణ్ణి నువ్వే ఎంచి, రెండు రోజులు ముందుగా ఆ పంక్తులు చేతికివ్వు.

మీ మాస్టారు