సిమెంటు గచ్చు మీద పందిపిల్లలకు ఇనుము లోపం: సమాధానం

అన్నా, గుత్తి దగ్గర మీ పందుల షెడ్డులో పదిహేను రోజుల పిల్లలు చెవులు పాలిపోయి, డొక్కలు ఎగరేస్తున్నాయనీ, అందరికన్నా లావుగా ఉన్నదే ముందు చచ్చిపోయిందనీ రాసినారు. ఇది ఇనుము లోపం గుర్తే. త్వరగా పెరిగే పిల్లకు రక్తం ఎక్కువ కావాల, అందుకే అదే ముందు పడిపోతుంది.

పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో ఉండే ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములే. రోజుకు 7 నుంచి 10 మిల్లీగ్రాములు కావాల, తల్లిపాలల్లో వచ్చేది ఒక్క మిల్లీగ్రామే. సిమెంటు గచ్చు మీద మట్టి దొరకదు కాబట్టి మిగతాది అందదు. తల్లికి ఎంత మినరల్ మిక్చర్ పెట్టినా పాలల్లో అది పెరగదు, ఆ ఖర్చు దీనికి పనికిరాదు.

ఇప్పుడున్న పిల్లలకు ఈరోజే ఐరన్ డెక్స్‌ట్రాన్ (ఇనుము సూదిమందు) ఒక్కో పిల్లకు 200 మిల్లీగ్రాములు వేయించండి. తరమకుండా, మెల్లగా పట్టుకోండి. ఎగపోస్తున్న పిల్లను పరుగెత్తిస్తే గుండె ఆగిపోతుంది. వచ్చే ఈత నుంచి, పిల్లలు పుట్టిన మూడో రోజే వేయాల.

సీసా మీద లేబుల్ చూడండి: మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే 2 మిల్లీలీటర్లు, 200 ఉంటే ఒక మిల్లీలీటరు. చెవి వెనక మెడ కండలో, తొడలో వద్దు. చర్మాన్ని వేలితో పక్కకు లాగి పొడిచి, సూది తీసినాక వదిలితే రంధ్రం మూసుకుంటుంది. అట్ల చేయకపోతే మందు గోధుమరంగుగా బయటికి కారి, డోసు సగమే అందుతుంది.

సూది వేసిన కొన్ని గంటల్లోనే పిల్లలు పడిపోతే మిగతావాటికి ఆపి పశువుల డాక్టరును పిలవండి. తల్లికి విటమిన్ ఇ, సెలీనియం తక్కువైతే ఇట్ల జరుగుతుంది.

మన ఎర్రమట్టి గుప్పెడు రోజూ వేయడం మంచిదే, పందులు తిరగని చోటిది తేవాల, లేదంటే పురుగుల గుడ్లు వస్తాయి. సూదికి మాత్రం అది బదులు కాదు.