గీత ఉబ్బిందా, దిగిందా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత డబ్బుల మూట దొరికింది సార్. ఒక కానీ నాణెం మీద రాజుగారి ముఖానికి అడ్డంగా గీత ఉంది, ఒక నయాపైసా మీద బొమ్మ పక్కకు జరిగింది, 1943 నాటి చిల్లుకానీ కూడా ఉంది. ఇవన్నీ టంకశాలలో జరిగిన తప్పులని, లక్షలొస్తాయని మా తోటికోడలి కొడుకు అంటున్నాడు. ఎలా తెలుసుకోవాలి?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు చిల్లుకానీని పక్కన పెట్టేయండి అమ్మా. యుద్ధం రోజుల్లో లోహం ఆదా కోసం 1943 నుంచి 1947 దాకా వాటిని చిల్లుతోనే తయారు చేశారు. చిల్లు మధ్యలో కాకుండా ఓ పక్కకు పోయి ఉంటే మాత్రం దాచండి.

ఇక గీత. పగటిపూట కిటికీ దగ్గర కానీని కాస్త వాలుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. గీత గట్టులా ఉబ్బి ఉంటే అది టంకశాలదే, ఎందుకంటే బొమ్మ ముద్రించే అచ్చు బీటలిస్తే, నొక్కినప్పుడు లోహం ఆ బీటలోకి ఎక్కి నాణెం మీద అలాగే నిలిచిపోతుంది. గాడిలా లోపలికి దిగి ఉంటే చాలావరకు ఆ తర్వాత ఎవరి చేతిలోనో పడిన గాటే. నా దగ్గరికి వచ్చే పది నాణేల్లో తొమ్మిది గాట్లే, చెప్పడానికి నాకూ బాధగానే ఉంటుంది.

నయాపైసాకి రెండు వైపులా చూడాలి. బొమ్మ జరిగిన వైపుకు ఎదురుగా నెలవంకలాంటి ఖాళీ ఉండాలి, బొరుసు వైపు కూడా దాదాపు అంతే ఖాళీ ఉండాలి. పైఅచ్చు, కిందఅచ్చు కలిసే పడతాయి కదా, జరిగింది మధ్యలో పెట్టిన, ఇంకా బొమ్మ పడని లోహపు బిళ్ళ. అంచు ఎవరైనా అరగదీసి ఉంటే ఖాళీ ఉండదు, బొమ్మే తెగిపోతుంది, బరువూ తగ్గుతుంది. 1957 నాటి నయాపైసా గ్రామున్నర ఉండాలి, బంగారం కొట్లో తూయించండి. ఒక అక్షరం మాత్రమే మాయమై పక్క అక్షరాలు పదునుగా ఉంటే అచ్చులో జిడ్డు చేరిందన్నమాట, అన్నీ కలిసి మసకబారితే వాడకంలో అరిగిందంతే.

దయచేసి బుడితి ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో తోమకండి. ఆ నల్లటి పొర పోతే నాణెం విలువ సగం పోయినట్టే. ఇంకోటి, మీ అబ్బాయికి ఎవరైనా ఫోన్ చేసి కమీషన్, పన్ను ముందు కట్టమంటే పైసా ఇవ్వొద్దు. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

ప్రశ్న: రెండు రూపాయల బిళ్ళ మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంది. తప్పుగా పడిందా?
- పలాస పాఠకుడు

జవాబు: కాదు, అది హైదరాబాద్ టంకశాల గుర్తు. వజ్రం ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది, కోల్‌కతా వాళ్లు ఏ గుర్తూ వేయరు.

ప్రశ్న: మా నాన్నగారి దగ్గరున్న రూపాయికి రెండు వైపులా ఒకటే బొమ్మ, కానీ ఒక వైపు లోపలికి గుంటపడి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. నకిలీయా?
- టెక్కలి నుంచి

జవాబు: నాణేలు పోగుచేసేవాళ్లు దీన్ని లఖీ అంటారు, దొరికితే నేను ఆ రోజంతా దాన్నే చూస్తూ కూర్చుంటాను. అచ్చైన నాణెం బయటపడకుండా అచ్చుకే అతుక్కుపోతుంది, దాని కిందికి కొత్త బిళ్ళ వస్తుంది, అతుక్కున్న నాణెం ముఖం దాని మీద తిరగబడి దిగుతుంది. ఇంట్లో రెండు నాణేల్ని బిగించి నొక్కి కూడా ఇలా చేస్తారు, అప్పుడు రెండో వైపు బొమ్మ నలిగి చదునైపోతుంది. మీ దాంట్లో ఆ రెండో వైపు పదునుగా ఉందా? ఉంటే రెండు వైపులా ఫొటోలు తీసి, బరువు కూడా రాసి పంపండి.