భారత నౌకాదళపు ఓడ జలాశ్వ విశాఖకు రాకముందు ఏం చేసింది? యుద్ధ ట్యాంకుల్ని ఒడ్డుకు ఎలా చేరుస్తుంది?

ముందు రెండో ప్రశ్న చూద్దాం, అది తెలిస్తే చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది. ఈ ఓడలో చెప్పుకోవాల్సింది తుపాకులు కాదు, వెనక కడుపులో ఉన్న వెల్ డెక్, అంటే నీళ్లు నింపగలిగే పెద్ద గది.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అటాక్ ట్రాన్స్‌పోర్టులు (సైనికుల్ని దాడికి మోసుకెళ్లే ఓడలు) పడవల్ని పక్కనుంచి నీళ్లలోకి దించేవి. సైనికులు తాళ్ల వల పట్టుకుని వాటిలోకి దిగాలి. అల లేచిందంటే ఓడకీ పడవకీ మధ్య కాళ్లు నలిగేవి. జలాశ్వలో ఆ అవస్థ లేదు. ఓడ బరువు సర్దే బలాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదిలి వెనక భాగాన్ని ముంచుతారు, వెనక ఉండే స్టెర్న్ గేటు దించుతారు, లోపలున్న నాలుగు ఎల్‌సీఎం-8 పడవలు, ఒడ్డుకు చేర్చేవి ఇవే, యుద్ధ ట్యాంకులతో సహా తేలి బయటికి వస్తాయి. నీళ్లు రెండు పక్కలా సమానంగా నింపాలి. సగం నిండిన బలాస్ట్ ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ ఊగితే ఓడ నిలకడ తగ్గుతుంది. వెనకనుంచి పోటెత్తే అలలున్నా పని చెడుతుంది, పడవలు గోడలకు కొట్టుకుంటాయి.

ఇక చరిత్ర. అమెరికా నౌకాదళంలో దీని పేరు ట్రెంటన్, 1971లో చేరింది. 1988 ఏప్రిల్‌లో పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్‌కు చెందిన ససాన్ చమురు వేదిక మీద దాడి చేసిన దళంలో ఉంది. నా లెక్కలో దాని అసలు ఘనకార్యం 1991 జనవరిది. సోమాలియా రాజధాని మొగదిషులో చిక్కుకున్న వాళ్ల కోసం దీని డెక్ మీదనుంచే రెండు సీహెచ్-53ఈ హెలికాప్టర్లు లేచి, గాల్లోనే ఇంధనం నింపుకుంటూ 466 నాటికల్ మైళ్లు వెళ్లాయి. మొత్తం ఆపరేషన్‌లో 281 మంది బయటపడ్డారు.

మన నౌకాదళం 2007 జూన్ 22న అమెరికాలోని నార్‌ఫోక్‌లో జలాశ్వగా దీన్ని చేర్చుకుంది. దాదాపు 4.8 కోట్ల డాలర్లు పోసి కొన్నది 36 ఏళ్ల ఆవిరి ఓడని. చవకే, కానీ బాయిలర్ల ఓడ డీజిల్ ఓడలా అనుకున్న వెంటనే కదలదు, ఆవిరి పట్టడానికి గంటలు కావాలి.

2008 ఫిబ్రవరిలో ఈ ఓడలోనే హైడ్రోజన్ సల్ఫైడ్ లీకై ఐదుగురు నావికులు చనిపోయారు. గాలాడని మురుగులో పుట్టే వాయువు ఇది. గాలికన్నా బరువు కాబట్టి కింది గదుల్లో పేరుకుంటుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అందుకే మూసిన గదిలోకి దిగేముందు మీటర్‌తో కొలవాలి, పడిపోయినవాడి కోసం శ్వాస పరికరం లేకుండా దూకకూడదు.

2020 మేలో, కొవిడ్ సమయంలో, మాల్దీవుల రాజధాని మాలె నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చింది కూడా ఇదే.