భవిత కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం చూశాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే మన భవిత కేంద్రానికే, నేను రిటైరైన చోటికే నువ్వు రావడం సంతోషం. రిజిస్టర్లో 19 పేర్లుంటే మొదటి వారం వచ్చింది ఏడుగురేనని రాశావు. "మిగతావాళ్లను ఎక్కడ వెతకాలి మేడమ్, వచ్చినవాళ్లు నేర్చుకుంటున్నారని పైవాళ్లకు ఎలా చూపించాలి" అని అడిగావు. టెన్షన్ పడకు. నేను చేరినప్పుడు వచ్చింది నలుగురు. అందులో ఒకడు ఆయమ్మ మనవడు, వాడికి ఏ ఇబ్బందీ లేదు, అమ్మమ్మ కొంగు పట్టుకుని వచ్చేవాడు, అంతే.

ముందు ఆ 19 సంగతి తేల్చు. మన పిల్లల పేరు ఊరి బడిలో ఉంటుంది, బడుల వివరాలన్నీ నమోదు చేసే యూడైస్‌లో లెక్కకు వచ్చేదీ అక్కడే. మనిషి మాత్రం మన దగ్గరికి రావాలి. అందుకే పేర్లు మిగిలిపోతుంటాయి. కొందరు వలస పోయి ఉంటారు, కొందరికి 18 దాటి ఉంటాయి. మంచం దిగలేని పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించారు. వాళ్లకు వేరే పేజీ పెట్టి, వారంలో ఒక రోజు నువ్వే వాళ్లింటికి వెళ్లు. నడవలేని పిల్లకు రోజూ ఆబ్సెంట్ వేయడానికి చెయ్యెలా వస్తుంది?

కొత్త పిల్లల కోసం గుమ్మం ముందు నిలబడి "మీ ఇంట్లో వికలాంగులున్నారా" అని అడగకు. లేరంటారు. అక్కకు సంబంధాలు చూస్తున్న ఇంట్లో తమ్ముడి గురించి ఎవరు చెబుతారు? ఊరి సచివాలయంలో పింఛన్ల జాబితా చూడు. అంగన్‌వాడీ టీచర్‌ని, ఏఎన్ఎంని కలువు. రేషన్ డీలర్‌ని మరచిపోకు. కార్డులో ఐదు పేర్లుండి వీధిలో నలుగురే కనిపించే ఇల్లేదో ఆయనకు తెలుస్తుంది.

ఇంట్లోకి వెళ్లాక ఇంకో భయం బయటికొస్తుంది. "బడికి పంపితే బాగైపోయాడని పింఛను తీసేస్తారంట కదమ్మా!" నెలకు 6,000 రూపాయలు ఆ ఇంటికి చిన్న మాట కాదు, కాబట్టి నవ్వకు. పింఛనుకు చూసేది సదరం సర్టిఫికెట్లో రాసిన వైకల్య శాతాన్ని, మన హాజరుపట్టీని కాదు అని ఇంటాయన కూడా ఉన్నప్పుడు నిదానంగా చెప్పు. సర్టిఫికెట్ లేకపోతే స్లాట్ బుక్ చేయించి, క్యాంపుకి నువ్వే వెంట వెళ్లు. ఒక రోజు పోతుంది. ఆ తర్వాత ఆ తల్లి నీ మాట వింటుంది.

మన పల్నాడులో సంక్రాంతి వెళ్లాక మిరప కోతల హడావుడి నీకు తెలిసిందే. అమ్మ కోతకెళితే పిల్లాణ్ని తెచ్చేదెవరు? ఫిబ్రవరి హాజరు చూసి నేను మూడేళ్లు తల్లులను తిట్టాను. తర్వాత బుద్ధొచ్చి, కూలీల ఆటో కదలకముందే గది తాళం తీసేదాన్ని. పిల్లల్ని దించి వెళ్లేవాళ్లు. పొద్దున్నే ఆయమ్మను రప్పించడానికి బతిమాలుకోవాల్సి వచ్చిందనుకో, అది వేరే కథ.

సంఖ్య పెంచి రాయమని ఎవరైనా అంటే రాయకు. నేనొకసారి 13 మందిని 20 చేశాను. 20 కిట్లు వచ్చాయి. మరుసటి ఏడు ఆ ఏడుగురూ ఏరని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇక చదువు. 11 మంది ఉన్నచోట ఒక్కడు మానేస్తే తొమ్మిది శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, ఒక్క పిల్ల నాలుగు అక్షరాలు పట్టుకుంటే ఎగబాకినట్టు కనిపిస్తుంది. శాతం అడిగితే శాతమే ఇవ్వు, పక్కనే ఆ ఒక్కరికి ఏమైందో రెండు లైన్లు రాయి.

బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే సికింద్రాబాద్ జాతీయ సంస్థ, అప్పటి నిమ్హ్ వాళ్లు, పిల్లలకు ఏ పని ఎంతవరకు వచ్చో చూడడానికి చేసిన ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు నువ్వు చదివే ఉంటావు, పరీక్ష అయ్యాక వదిలేసీ ఉంటావు. బయటికి తీయి. పిల్లాడు తనంతట తాను చేశాడా, సైగ చేస్తే చేశాడా, నోటితో చెబితే చేశాడా, చెయ్యి పట్టి చేయించాల్సి వచ్చిందా, వేటికవే గుర్తులున్నాయి. చొక్కా గుండీనే తీసుకో. నేను చివరి పని ముందు నేర్పేదాన్ని. గుండీని సగం వరకు నేనే దూర్చి, అవతలికి లాగడం వాడికి వదిలేసేదాన్ని. ఒకడికి జూన్‌లో వేళ్లు పట్టి లాగించాను. దసరా సెలవులయ్యాక "లాగు" అంటే లాగాడు. ఉగాదికి నేను పక్క పిల్లతో మాట్లాడుతుంటే వాడే లాగేసి, గుండీ చూపిస్తూ నా కొంగు గుంజాడు. వాళ్ల నాన్న "ఏడాదికి ఒక గుండీయా మేడమ్?" అన్నాడు. నిజమే, మార్కుల లిస్టులో దానికి చోటు లేదు. జూన్‌లో ఒక వీడియో తీసి ఉంచుకుంటే నోరు నొప్పెట్టకుండా చూపించేదాన్ని. నీ చేతిలో ఫోనుంది, తీసి పెట్టుకో.

అదే చెక్‌లిస్టులో ఎన్ఈ అని ఒక గుర్తుంది, అవకాశమే ఇవ్వలేదని. పదకొండేళ్ల పిల్లకు చేత్తో తినడం 'రాదు' అని వేశాను, వాళ్లమ్మే ముద్దలు పెట్టేది. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. పెరుగన్నం పళ్లెం ముందు పెట్టి నేను నీళ్లకు వెళ్లొచ్చేసరికి మోచేతి దాకా పూసుకుని సగం తినేసింది. రాదని కాదు, ఎవరూ తిననివ్వలేదు. ఆ గడి కొట్టేసి ఎన్ఈ అని దిద్దాను.

దిద్దలేని తప్పు ఒకటుంది. బుద్ధిమాంద్యం అని రాసి ఉన్న పిల్లాడికి రెండేళ్లు అ ఆలు చెప్పాను, ఒక్కటీ రాలేదు. పరీక్ష చేయిస్తే చెవులు వినబడవని తేలింది. నేను వెనక నుంచి పిలిస్తే వాడు ఎన్నడూ తిరిగి చూడలేదు, అది నేను గమనించనే లేదు. ఎవరొచ్చినా, ఏ సర్టిఫికెట్ ఉన్నా, ముందు వినికిడి, చూపు పరీక్ష చేయించు.

పదో తరగతి రాసేవాళ్లు ఊరి బడిలో ఉంటే స్క్రైబ్ కోసం, అంటే వాళ్లు చెబితే పరీక్ష రాసిపెట్టే మనిషి కోసం, సర్టిఫికెట్ దీపావళి లోపే సిద్ధం చేయించు. మార్చిలో పరుగెత్తితే ఎవరూ పలకరు.

గుండీలు కుట్టిన చట్రం బీరువా కింది అరలో ఉంటుంది. పైనుంచి రెండో కాజా వదులైంది, కుట్టి ఇద్దామనుకుంటూనే రిటైరయ్యాను. ఆ పెరుగన్నం పిల్ల వచ్చిన ఏడుగురిలో ఉందో లేదో రాయి.

ఆశీస్సులతో,
మీ మేడమ్