కార్డు ఫార్మాట్ కొట్టకండి, ముందు ఫైలు సైజు చూడండి

ప్రశ్న: అన్నా, మాది శ్రీకాకుళం. ఫ్రెండ్సంతా కలిసి కళింగపట్నం బీచ్‌లో, ఆమదాలవలస స్టేషన్ దగ్గర ఓ షార్ట్‌ఫిల్మ్ తీసాం. సౌండ్ విడిగా ఫీల్డ్ రికార్డర్‌లో పట్టాం, చొక్కాకి తగిలించే రెండు లేపెల్ మైకులు, కర్రకి కట్టి పట్టే ఒక బూమ్ మైకు. సౌండ్ చూసిన కుర్రాడు తన మ్యాక్‌లో కార్డు పెట్టి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి ఇచ్చీసాడు, మేం దాన్ని హైదరాబాద్‌లో ఎడిటర్‌కి పంపాం. ఇప్పుడాయన ఫోన్ చేసి కరెక్టుగా సగం ఫైల్స్ ఓపెన్ అవ్వట్లేదు, రెండు మూడైతే సున్నా సైజు, ఓపెన్ అయినవాట్లో కూడా ఒక్క మైకే వినిపిస్తోంది, డబ్బింగ్ పెట్టుకోండి అంటున్నాడు. కార్డు ఇంకా ఉంది గానీ మావాడికి ఈ వారంలో పెళ్లి షూట్‌కి అదే కావాలంట. ఏటి చెయ్యాలి?
- ఓ పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తమ్ముడూ, ఈ జవాబు అచ్చయ్యేలోపు ఆ పెళ్లీ అయిపోద్ది, రిసెప్షనూ అయిపోద్ది, అందుకే ఉత్తరం చూడగానే ఆఫీసు నుంచి ఫోన్ చేయించాం, కార్డు పక్కన పెట్టీసారంట, సంతోషం. పెళ్లికి వేరే కార్డు కొనుక్కోమనండి. ఎస్డీ కార్డు అయితే పక్కనున్న చిన్న లాక్ మీట కిందకి జరిపి పెట్టండి, కంప్యూటర్ ‘ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యమంటారా’ అని అడిగినా క్యాన్సిలే కొట్టండి.

మీ ఎడిటర్ చెప్పింది ఒకే రోగం కాదు, మూడు వేరే వేరే రోగాలు, మూడింటినీ కలిపి డబ్బింగ్ అనీసాడు. మన తెలుగు సినిమాలో డబ్బింగ్ అలవాటు ఎక్కువ కాబట్టి ఆ మాట అంత ఈజీగా వచ్చేస్తుంది, కానీ మీ ఆర్టిస్టులు బీచ్‌లో మాట్లాడిన యాస హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్‌లో ఎవరిచేతో పలికిస్తే ఎలా ఉంటుందో మనందరం వింటూనే ఉన్నాం కదా. ఆ మాట ఇప్పుడే ఒప్పుకోకండి.

‘కరెక్టుగా సగం’ అన్నారు చూసారా, నాకు అక్కడే డౌటొచ్చింది. ఎడిటర్‌ని ఆ ఓపెన్ అవ్వని ఫైల్స్ పేర్లు చదవమనండి. పేరు ముందు ఓ చుక్క, దాని పక్కన అండర్‌స్కోర్ ఉండి, సైజు 4 కేబీ అలా ఉంటే అవి అసలు సౌండ్ ఫైల్సే కాదు. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్32 అనే ఫార్మాట్లలో ఉన్న డిస్క్ మీద మ్యాక్ కాపీ చేసినప్పుడు తన సొంత సమాచారం దాచుకోడానికి ఫైలుకో నీడ ఫైలు పెడుతుంది, మ్యాక్‌లో చూస్తే కనపడదు, విండోస్‌లో పెడితే అదే పేరుతో, అదే .wav తోకతో జంటగా కనపడి మనిషిని భయపెడుతుంది. ప్రతిదానికీ పక్కన చుక్క లేని అసలు ఫైలు ఉందో లేదో చూసుకుని వదిలీమనండి, అంతే, సగం సమస్య అక్కడే తీరిపోద్ది.

ఇక ఒక్క మైకే వినిపించడం. మీ రికార్డర్ మైకులన్నీ కలిపి ఒకే ఫైల్లో రాస్తుంది, దాన్ని పాలీ వేవ్ అంటారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాన్ని మోనోగానో స్టీరియోగానో తీసుకుంటే మిగతా ట్రాకులు లోపలే ఉండిపోతాయి. డావిన్చి రిజాల్వ్‌లో అయితే క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో, ప్రీమియర్‌లో అయితే మాడిఫై కింద ఆడియో చానల్స్‌లో మార్చుకోవచ్చు. లేదంటే సౌండ్ డివైసెస్ వాళ్ల వేవ్ ఏజెంట్ ఫ్రీగా దొరుకుతుంది, ట్రాకులు విడదీసి ఇస్తుంది. దయచేసి ఎవరో చెప్పారని ఆన్‌లైన్ కన్వర్టర్‌లో మాత్రం పడేయకండి, ఎందుకంటే ఈ వేవ్ ఫైల్లో సౌండ్‌తో పాటు టైమ్‌కోడ్, అంటే అర్ధరాత్రి నుంచి ఎన్ని శాంపిల్స్ గడిచాయన్న లెక్క, సీన్ నంబరు, టేక్ నంబరు, ట్రాక్ పేర్లు ఉంటాయి, కన్వర్టర్లు చాలావరకు అవన్నీ ఊడ్చీసి ఒట్టి సౌండ్ చేతిలో పెడతాయి.

అసలు పని సున్నా సైజు ఫైల్స్‌తోనే. ముందు కార్డులో అదే ఫైలు సైజు చూడండి. కార్డులో బానే ఉండి డిస్క్‌లో సున్నా ఉంటే కాపీ అవుతుండగానో, ఇజెక్ట్ కొట్టకుండానో డిస్క్ పీకీసారన్నమాట, మళ్లీ కాపీ చేసుకోండి. సైజు ఎంత ఉండాలో కూడా లెక్క కట్టొచ్చు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్క ట్రాక్ సెకనుకి 1,44,000 బైట్లు, నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. మీ మూడు మైకులు, రికార్డర్ కలిపే లెఫ్ట్ రైట్ మిక్స్ రెండూ, మొత్తం 5 ట్రాకులనుకుంటే నిమిషానికి 43 ఎంబీ. మూడు నిమిషాల టేక్ 130 ఎంబీ దగ్గర్లో ఉంటే సౌండ్ మొత్తం ఉన్నట్టే, 20 ఎంబీ ఉంటే మధ్యలో తెగిందన్నట్టు. ఫైలు ప్లే అవ్వకపోయినా ఈ లెక్క పనిచేస్తుంది, నేనైతే ఏ సాఫ్ట్‌వేర్ కంటే ముందు క్యాలిక్యులేటరే తీస్తాను.

కార్డులో కూడా సున్నా ఉందనుకోండి, రికార్డింగ్ నడుస్తుండగా బ్యాటరీ అయిపోవడమో, స్టాప్ కొట్టకుండా కార్డు లాగీడమో జరిగుంటుంది. వేవ్ ఫైలు మొదట్లో హెడర్ అని ఉంటుంది, గోనెసంచికి కట్టిన చీటీలాంటిది, లోపల సరుకెంతో అందులో రాసుంటుంది, చాలా రికార్డర్లు ఆ అంకెనీ, కార్డు జాబితాలో కనపడే ఫైలు సైజునీ చివర్లో స్టాప్ కొట్టినప్పుడే సరిగ్గా రాస్తాయి. చీటీ మీద సున్నా ఉందని సరుకు లేనట్టు కాదు. ముందు కార్డు మొత్తాన్నీ ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్లో నకలుగా, కంప్యూటర్‌లోకి తీసుకోండి, అది అయ్యాకే మిగతావి. తర్వాత లాక్ తీసి అదే రికార్డర్‌లో అదే కార్డు పెట్టి ఆన్ చెయ్యండి, కొన్ని రికార్డర్లు ఆన్ అవగానే తెగిన ఫైల్ని అవే బాగుచేసుకుంటాయి. అవ్వకపోతే ఫోటోరెక్ అనే ఫ్రీ టూల్‌తో ఆ ఇమేజ్‌లో వెతికించండి, పేరు ఫోటోదే గానీ వేవ్ ఫైల్స్ కూడా తీస్తుంది.

ఫైలుకి సైజు ఉండి హెడర్ మాత్రమే పాడైతే ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఇంపోర్ట్ రా డేటా అని ఉంటుంది. 24 బిట్ సైన్డ్ పీసీఎం, లిటిల్ ఎండియన్, చానల్స్ 5, రేటు 48000 ఇవ్వండి. వాన కురిసినట్టు ఒకటే గోల వస్తే కంగారొద్దు, ఆఫ్‌సెట్ దగ్గర ఒక బైటు, తర్వాత రెండు బైట్లు జరిపి చూడండి, 24 బిట్ అంటే శాంపిల్‌కి 3 బైట్లు కాబట్టి మూడింట్లో ఏదో ఒకదానికి మాట విడిగా వినిపిస్తుంది. మైకులు ఒకదాని చోట ఒకటి వస్తే ఇంకో 3 బైట్లు జరుపుకుంటూ వెళ్లండి. ఇలా తీసినవాటికి టైమ్‌కోడ్ ఉండదు, క్లాప్ చూసి బొమ్మనీ సౌండ్‌నీ సింక్ చేసుకోవాల్సిందే. క్లాప్ కొట్టారు కదా?

ఇంకొకటి, 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే సున్నా డీబీ దాటిన సౌండ్ కూడా పగలకుండా దాచుకునే పద్ధతిలో, రికార్డ్ చేసారేమో కూడా అడగండి. పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని దాన్ని చదవలేవు. 24 బిట్‌కి మార్చి పంపొచ్చు గానీ లెవెల్ సున్నా డీబీ దాటిన చోట ముందు గెయిన్ తగ్గించి అప్పుడు మార్చాలి, లేకపోతే అరుపులన్నీ పగిలిపోతాయి.

ఈసారి షూట్‌కి ముందురోజే ఆ రికార్డర్‌తో ఒక్క నిమిషం రికార్డ్ చేసి అదే మ్యాక్, అదే డిస్క్ మీదుగా ఎడిటర్‌కి పంపి ఓపెన్ చేయించండి. కాపీకి లాగి వదలడం కాకుండా చెక్‌సమ్ చూసే, అంటే కాపీ అసలుతో సరిపోయిందో లేదో లెక్క కట్టి చెప్పే టూల్ వాడండి, విండోస్‌లో టెరాకాపీ ఉంది, రిజాల్వ్ మీడియా పేజీలో క్లోన్ టూల్ ఉంది. ‘అన్నీ ఓపెన్ అయ్యాయి’ అని ఎడిటర్ మెసేజ్ పెట్టేదాకా ఆ కార్డు ఎవరికీ ఇవ్వొద్దు, పెళ్లి ఎవరిదైనా సరే.

ప్రశ్న: విజయనగరం సిరిమానోత్సవం మీద డాక్యుమెంటరీ చేస్తున్నాం. సిరిమాను, అంటే పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా ఆపకుండా 8 ట్రాకులు రికార్డ్ చేసాం. ఫైలు ముక్కలు ముక్కలుగా వచ్చింది, ఎడిటర్ మొదటి ముక్కే చూసి మిగతాది రికార్డ్ అవ్వలేదంటున్నాడు.
- ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: అలా ముక్కలవుతుందమ్మా, అదేం తప్పు కాదు. మామూలు వేవ్ ఫైల్లో సైజు రాసే చోటు 32 బిట్లే, అందుకే 4 జీబీ దాటి వెళ్లదు, ఫ్యాట్32 కార్డు హద్దూ అంతే. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో 8 ట్రాకులకి సెకనుకి దాదాపు 1.15 ఎంబీ, అంటే గంటా రెండు నిమిషాలకే నిండిపోద్ది, కొన్ని రికార్డర్లు 2 జీబీ దగ్గరే కొత్త ఫైలు మొదలెట్టేస్తాయి. ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, పేర్లు మార్చకుండా, ఒకదాని వెనక ఒకటి అంటించి పెట్టమనండి. మధ్యలో ఖాళీ వస్తే ఒక ముక్క కాపీ అవ్వలేదని అర్థం, కార్డులో వెతకండి. కెమెరాకీ రికార్డర్‌కీ టైమ్‌కోడ్ లాక్, అంటే రెండింటి గడియారాలూ ఒకేలా నడిచే ఏర్పాటు, లేకపోతే అంత పొడవు రికార్డింగ్‌లో పెదాలూ మాటా కొంచెం జారతాయి, ప్రతి ముక్క మొదట్లో డప్పు దెబ్బ చూసుకుని మళ్లీ సింక్ చేసుకోండి.

ప్రశ్న: ఫైల్స్‌కి తెలుగులో పేర్లు పెట్టి జిప్ చేసి పంపితే అవతల డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తున్నాయంట, పోయినట్టేనా?
- ఓ పాఠకుడు, బొబ్బిలి

జవాబు: పోలేదు, పేరొక్కటే పాడైంది. సెవెన్ జిప్‌లో తెరిచి చూడమనండి, లేదా జిప్ చెయ్యకుండా డిస్క్‌లో పంపండి. నాకూ తెలుగు పేర్లే ఇష్టం గానీ సెట్ నుంచి ల్యాబ్‌కెళ్లే ఫైల్‌కి మాత్రం రికార్డర్ పెట్టిన పేరే ఉంచండి, సీన్ కబుర్లన్నీ సౌండ్ రిపోర్ట్ కాగితం మీద తెలుగులో ఎంతైనా రాసుకోండి. వాట్సాప్‌లో ఆడియోగా పంపడం మాత్రం వద్దు, అవతల చేరేది మీ వేవ్ ఫైలు కాదు.