ఇంటర్వ్యూకి వెళ్లే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన ఆడియో శ్రద్ధగా విన్నాను. బెరుకు లేకుండా మాట్లాడావు, సంతోషం. కానీ నీకు ఏం చేతనవునో చెప్పే చోటే ఇంగ్లీషు తడబడింది. రేపు ఇంటర్వ్యూలో వాళ్లు తవ్వి తవ్వి అడిగేది దాని గురించే.

ముందు 'ఐ క్యాన్ ఏబుల్ టు' మానెయ్. మన కాలేజీల్లో చాలామంది నోట వినపడుతుంది కాబట్టి తప్పనిపించదు. 'క్యాన్' ఉంటే 'ఏబుల్ టు' వద్దు. 'ఐ క్యాన్ రైట్ కోడ్' చాలు. 'విల్', 'హ్యావ్' పక్కన మాత్రం 'క్యాన్' ఇమడదు, అక్కడ 'విల్ బీ ఏబుల్ టు', 'హ్యావ్ బీన్ ఏబుల్ టు' అనాల్సిందే.

అసలు చిక్కు 'కుడ్'తో. ప్రాజెక్టు గురించి 'వుయ్ కుడ్ ఫినిష్ ఇట్ ఇన్ టైమ్' అన్నావు. పూర్తి చేయగలిగామని నీ ఉద్దేశం. వినేవాళ్లకి మాత్రం 'కావాలంటే పూర్తి చేయొచ్చు' అన్నట్టు తోస్తుంది. నిద్ర మానుకుని చేసిన పని చేయనట్టే అయిపోతే ఎలా? ఒకప్పుడు మామూలుగా ఉన్న నేర్పుకి 'కుడ్' సరిపోతుంది: 'ఐ కుడ్ స్విమ్ వెన్ ఐ వజ్ సిక్స్'. ఫలానాసారి పూనుకుని సాధించినదానికి 'వజ్ ఏబుల్ టు' గానీ 'మేనేజ్డ్ టు' గానీ వాడు. 'ద సర్వర్ క్రాష్డ్, బట్ వుయ్ మేనేజ్డ్ టు ఫినిష్' అంటే మీరు పడ్డ తిప్పలు కూడా వాళ్లకి తెలుస్తాయి. తిప్పలేమీ లేకపోతే 'వుయ్ ఫినిష్డ్ ఇట్' అనెయ్, అంతకన్నా గట్టిగా చెప్పక్కర్లేదు. చేయలేకపోయామని చెప్పడానికి ఈ తేడా లేదు, 'కుడంట్' అన్నిచోట్లా చెల్లుతుంది. 'కుడ్ హ్యావ్ ఫినిష్డ్' మాత్రం నోట రానీకు. చేయగలిగి ఉండీ చేయలేదని దాని అర్థం.

ఇక పలకడం. వాక్యం మధ్యలో 'క్యాన్'ని నొక్కకు. 'ఐ కన్ రైట్' అన్నట్టు తేలిపోవాలి, ఒత్తు 'రైట్' మీద పడాలి. అమెరికన్లు 'క్యాంట్' అనేటప్పుడు చివరి 'ట్' దాదాపు మింగేస్తారు. అందుకే నువ్వు 'క్యాన్' అని ఒత్తి పలికితే 'రాదంటోంది కాబోలు' అనుకునే ప్రమాదం ఉంది. కోడ్ రాయడం వచ్చా అని అడిగితే 'యెస్, ఐ క్యాన్' అంటావు చూడు, అక్కడ చివర వచ్చింది కాబట్టి నిండుగా పలుకు.

మీ పెదనాన్న