మన ఎల్‌ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్సు బ్రిటన్‌లో ఏ బండి వరకు చెల్లుతుంది?

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపుల నుంచి చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ బయలుదేరే పిల్లలు నన్ను అడిగే సందేహాల్లో డ్రైవింగ్ లైసెన్సు సంగతి తప్పకుండా ఉంటుంది. “లైసెన్సు ఉంది కదండీ, అక్కడా ఎడమ పక్కనే నడుపుతారట కదా, ఇంకేం కావాలి?” అంటారు. కావలసింది చాలానే ఉంది. ఇక్కడి, అంటే బ్రిటన్ చట్టం మీ దగ్గర కార్డు ఉన్నదా అని మాత్రమే చూడదు. ఆ కార్డు ఎంత బరువున్న బండికి, ఎన్ని సీట్ల బండికి, ఎలాంటి గేర్ల బండికి, ఎన్నాళ్ళ వరకు వర్తిస్తుందో చూస్తుంది. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లకు సంబంధించిన మాట. ఉత్తర ఐర్లండ్‌కు వేరే లైసెన్సు కార్యాలయం ఉంది.

ముందు గడువు సంగతి. మన దేశపు లైసెన్సు చెల్లుబాటులో ఉన్నంతవరకు, మీరు ఇక్కడ నివాసం మొదలుపెట్టిన నాటి నుంచి 12 నెలలపాటు, అందులో రాసి ఉన్న చిన్న వాహనాలను నడపవచ్చు. చిన్న వాహనం అంటే 3,500 కిలోలు దాటనిది, ప్రయాణికులకు 8 సీట్లకు మించనిది. ఈ లెక్క మీరు బండి కొన్న రోజు నుంచి మొదలు కాదు, సంక్రాంతికి ఇంటికి వెళ్ళి తిరిగి వచ్చినంత మాత్రాన మళ్ళీ మొదటికీ రాదు. ఆర్టీఓ కార్యాలయంలో తీసుకునే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్సులోని వివరాలను వేరే దేశాల వారికి తెలియజేసే పత్రమే తప్ప, అది ఈ గడువును ఒక్క రోజు కూడా పెంచదు, ఒక్క తరగతిని కూడా అదనంగా ఇవ్వదు. లైసెన్సు మార్పిడికి బ్రిటన్ గుర్తించిన దేశాల జాబితాలో భారతదేశం లేదు కాబట్టి, ఏడాది నిండాక ప్రొవిజనల్ లైసెన్సు (నేర్చుకునేవారికి ఇచ్చేది) మీద నేర్చుకుని థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ పాసవవలసిందే.

అసలు చిక్కు బరువు దగ్గర వస్తుంది. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం లైట్ మోటార్ వెహికల్ అంటే 7,500 కిలోల లోపు బండి. కొబ్బరికాయలు వేసుకుని సంతకు వెళ్ళే టాటా ఏస్, చెరువు గట్టుకు రొయ్యల మేత చేరవేసే వ్యాను, కళ్ళం నుంచి ధాన్యం తోలే ట్రాక్టరు ఈ తరగతిలోకే వస్తాయి. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలునని, విడిగా అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు కూడా ఇచ్చింది. ఇంటి దగ్గర అలాంటి బండ్లు నడిపి చేయి తిరిగినవారికి, బ్రిటన్‌లో కారు తరగతి అయిన ‘బి’ సాధారణంగా 3,500 కిలోల దగ్గరే ఆగిపోతుందని ఊహకు అందదు. ఆపైన 7,500 కిలోల వరకు ‘సి1’ అనే వేరే తరగతి ఉంది. దానికి వైద్య పరీక్ష, థియరీ, డ్రైవింగ్ పరీక్ష అన్నీ విడిగా ఉంటాయి.

ఈ 3,500 కిలోలు ఖాళీ బండి బరువు కాదని దయచేసి గుర్తుంచుకోండి. బండి, అందులో వేయదగిన గరిష్ఠ సరుకు, ఎక్కే మనుషులు కలిపి తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు అది. ఇల్లు మారేటప్పుడు అద్దెకు తెచ్చుకునే పెద్ద పెట్టె వ్యాన్లలో సరిగ్గా 3,500 కిలోలవి ఉంటాయి, దాదాపు అదే రూపంలో 7,500 కిలోలవీ ఉంటాయి. రెండోది ఖాళీగా ఉన్నా ‘బి’ లైసెన్సుతో కదపకూడదు. బండికి బిగించిన బరువుల ప్లేటు మీద ఆ అంకె రాసి ఉంటుంది. తాళం చేతికి తీసుకునే ముందు చదవండి.

ఇక్కడే పెద్దల మాట ఒకటి తప్పుదారి పట్టిస్తూ ఉంటుంది. ఎప్పుడో వచ్చి స్థిరపడినవారు “నేను కారు లైసెన్సుతోనే ఏడున్నర టన్నుల లారీ నడిపాను” అంటారు. అది అబద్ధం కాదు. 1997 జనవరి 1కి ముందు కారు పరీక్ష పాసైనవారికి సి1 తరగతి కూడా కలిసి వచ్చింది. మీకు రాదు. ట్రెయిలరు విషయంలో మాత్రం కొత్తవారికి మేలే జరిగింది: 2021 డిసెంబరు 16 నుంచి ‘బి’ లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రెయిలరు లాగవచ్చు. వ్యవసాయ ట్రాక్టరు కూడా ఇక్కడి పూర్తి ‘బి’ లైసెన్సులో భాగమే.

తరువాతది గేరు. మన ఎల్‌ఎంవీ కార్డు ఆటోమేటిక్‌కూ మాన్యువల్‌కూ ఒకటే. ఇక్కడ ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇస్తే కార్డు మీద 78 అనే కోడ్ పడుతుంది, దానితో మాన్యువల్ కారు నడపకూడదు. మాన్యువల్‌లో పాసైతే రెండూ నడపవచ్చు. కాలువ గట్ల మీద, ఇరుకు వంతెనల మీద గేర్లు మారుస్తూ నడిపిన అనుభవం ఉన్నవారు ఆ అలవాటు పోకముందే మాన్యువల్‌లోనే పరీక్ష ఇవ్వడం మంచిదని నా గట్టి అభిప్రాయం. తక్కువ ధరకు దొరికే పాత కార్లలో, పనికి ఇచ్చే వ్యాన్లలో మాన్యువల్‌వి చాలా ఉంటాయి. ప్రొవిజనల్ లైసెన్సుకు ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు, థియరీకి 23, డ్రైవింగ్ పరీక్షకు మామూలు రోజుల్లో 62 పౌండ్ల రుసుము ఉంది. పరీక్ష తేదీ దొరకడానికి నెలలు పట్టవచ్చు కనుక 12 నెలల గడువు ఉండగానే దరఖాస్తు చేయండి. గడువు దాటాక ముందూ వెనుకా ఎల్ ప్లేట్లు పెట్టుకుని, పక్కన 21 ఏళ్ళు నిండి, బ్రిటన్ లేదా ఐరోపా సమాఖ్య దేశపు పూర్తి లైసెన్సు మూడేళ్ళుగా ఉన్న మనిషిని కూర్చోబెట్టుకోవాలి. మన దేశపు లైసెన్సు మాత్రమే ఉన్న గది స్నేహితుడు అందుకు పనికిరాడు.

ద్విచక్ర వాహనాల్లో కూడా ఇంజను శక్తిని బట్టి ఏ1, ఏ2, ఏ అనే మెట్లున్నాయి. ఇంటి దగ్గర బుల్లెట్ నడిపినవారైనా ఏడాది దాటాక సీబీటీ అనే తప్పనిసరి ప్రాథమిక శిక్షణతో మొదలుపెట్టాలి. ప్రొవిజనల్ మీద ఎల్ ప్లేట్లతో 125 సీసీ వరకే, అదీ రెండేళ్ళే. సొంత ఎలక్ట్రిక్ స్కూటరు, అంటే నిలబడి నడిపే రకం, ప్రజా రహదారి మీద అసలే కుదరదు. స్కూటరు మీద తిండి పొట్లాలు అందించే పనికి దిగాలనుకునే విద్యార్థులు లైసెన్సుకంటే ముందు వీసా షరతులు చదవాలి: స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం.

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళి, అక్కడి నుంచి ఇటు వచ్చేవారికి ఒక మంచి మాట. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ మార్పిడి జాబితాలో ఉంది. దుబాయిలో పరీక్ష పాసై తెచ్చుకున్న కారు లైసెన్సును, ఇక్కడ నివాసం మొదలైన అయిదేళ్ళలోగా, మళ్ళీ పరీక్ష లేకుండా బ్రిటన్ లైసెన్సుగా మార్చుకోవచ్చు. కువైట్ ఆ జాబితాలో లేదు.

తరగతి దాటి బండి నడిపితే సాధారణంగా బీమా కూడా వర్తించదు. బీమా లేకుండా పట్టుబడితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 6 పాయింట్లు పడతాయి. పాసైన మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు చేరితే లైసెన్సు రద్దవుతుంది, మళ్ళీ ప్రొవిజనల్ నుంచి మొదలుపెట్టాలి.

చివరిగా సంక్రాంతికి, వనభోజనాలకు మనవాళ్ళు అద్దెకు తీసుకునే మినీబస్సు. 9 నుంచి 16 మంది ప్రయాణికుల సీట్లున్న బండికి మామూలుగా ‘డి1’ తరగతి కావాలి. అయితే 21 ఏళ్ళు నిండి, ‘బి’ లైసెన్సు కనీసం రెండేళ్ళుగా ఉన్నవారు లాభాపేక్ష లేని సంఘం తరఫున, డబ్బు తీసుకోకుండా, 3,500 కిలోల లోపు మినీబస్సును ట్రెయిలరు లేకుండా నడపవచ్చు. స్నేహితులంతా తలా ఇంత వేసుకుని తెచ్చుకున్న బండికి ఈ మినహాయింపు ఉందని అనుకోకండి. అద్దె సంస్థ మీ తరగతులు చూడటానికి డీవీఎల్ఏ (ఇక్కడి లైసెన్సు కార్యాలయం) వెబ్‌సైటు నుంచి షేర్ కోడ్ అడుగుతుంది. అది 21 రోజులే చెల్లుతుంది కనుక బండి తీసుకునే వారంలో తీసుకోండి, కార్డు వెనుక తొమ్మిదో గడిలోని తరగతులనూ పన్నెండో గడిలోని కోడ్‌లనూ అప్పుడే ఒకసారి సరిచూసుకోండి.